తవ్వకుండానే నీళ్లున్నాయని ఎలా చెబుతారు: యూరోపా, మా చెల్కలో రెండు బోర్లు

బృహస్పతి, శని గ్రహాల చుట్టూ తిరిగే మంచు చంద్రుల మీద ఒక్క అడుగైనా తవ్వకుండా, ఆ మంచు కింద సముద్రాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు ఏ ఆధారంతో చెబుతున్నారని, అంత చలిలో ఆ నీళ్లు గడ్డకట్టకుండా ఎలా ఉంటాయని మీరు అడిగారు. హనుమకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే నన్ను ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ నేను పరకాల దగ్గర మా చెల్కలో వేసిన రెండు బోర్ల సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే బృహస్పతి మంచు చంద్రుల్లో ఒకటైన యూరోపా దగ్గర జరిగింది కూడా చాలావరకు అదే పని.

2003 ఎండాకాలంలో మా బాపు బోరు పాయింటు చూపించుకోవడానికి మీటరు ఉన్న ఒకాయనను పిలిపించాడు. ఆయన నేలలో వరుసగా నాలుగు ఇనుప కడ్డీలు దిగగొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ ఎంతో చదివారు. నేల మరీ ఎండిపోయి ఉండటంతో కడ్డీల మొదళ్లలో ఉప్పునీళ్లు పోయమని నా చేతికి చెంబు ఇచ్చారు. నీళ్లు ఇంకగానే, అప్పటిదాకా ఊగిసలాడిన ముల్లు ఒకచోట నిలిచింది. ఉప్పు కలిసిన నీరు కరెంటును ఎంత బాగా మోస్తుందో నేను కళ్లారా చూసింది అప్పుడే. ఎండు గ్రానైటు కరెంటును దాదాపు పోనివ్వదు, నీళ్లు నిండిన పగుళ్లు పోనిస్తాయి; కాబట్టి కరెంటుకు అడ్డు తక్కువగా ఉన్నచోట నీళ్లుండే అవకాశం ఎక్కువ. ఆయన ఒకే దూరంలో ఒక్కసారి కొలిచి, అడ్డు తక్కువగా ఉందని సున్నంతో గుర్తు పెట్టి వెళ్లిపోయారు. బోరు బండి వచ్చి 280 అడుగులు దింపితే పైన కొన్ని అడుగులు జిగట బంకమన్ను, ఆ కింద అంతా రాతి దుమ్మే. మీటరు తప్పు చెప్పలేదు. తడి బంకమన్ను కూడా కరెంటును బాగానే పోనిస్తుంది, దానినే నీళ్లనుకున్నాం.

మరుసటి ఏడాది వచ్చిన జియాలజిస్టు బయటి కడ్డీలను అంచెలంచెలుగా దూరం జరుపుతూ చాలాసార్లు కొలిచారు. కడ్డీల మధ్య దూరం పెరిగే కొద్దీ కరెంటు మరింత లోతుకు దిగుతుంది కాబట్టి, పైపొర ఏది, లోపలి పొర ఏది అన్నది ఆ అంకెలను గ్రాఫు మీద గీస్తే విడివిడిగా తెలుస్తుంది. ఆయన చూపించిన చోట 210 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి.

ఇక యూరోపా సంగతికి వస్తాను. అక్కడ కడ్డీలు పాతే పని బృహస్పతే చేస్తున్నది. ఆ గ్రహపు అయస్కాంత అక్షం దాని భ్రమణాక్షానికి సుమారు 10 డిగ్రీలు వంగి ఉంది, గ్రహమేమో పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల యూరోపాను తాకే అయస్కాంత క్షేత్రంలో ఒక భాగం సుమారు 11 గంటలకోసారి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగి వస్తుంది. మారే అయస్కాంత క్షేత్రం ఏ వాహకంలోనైనా కరెంటును పుట్టిస్తుంది, ఆ కరెంటు తిరిగి తన సొంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. 1995 డిసెంబరు నుంచి బృహస్పతి చుట్టూ తిరిగిన గెలీలియో నౌక, యూరోపా పక్కగా వెళ్లినప్పుడు అలాంటి క్షేత్రాన్నే గుర్తించింది. అయితే యూరోపాలో శాశ్వత అయస్కాంతం ఉన్నా అలాగే కనిపించవచ్చు కదా? మా మొదటి బోరు దగ్గర ఎవరూ వేయని ప్రశ్న ఇదే, అక్కడ మాత్రం వేశారు. బృహస్పతి క్షేత్రం ఎదురు దిశలో ఉండే సమయం చూసి, 2000 జనవరి 3న నౌక సుమారు 350 కిలోమీటర్ల ఎత్తులో మళ్లీ యూరోపాను దాటింది. శాశ్వత అయస్కాంతమైతే దాని దిశ మారకూడదు, మారింది. శాస్త్రవేత్త మార్గరెట్ కివెల్సన్ నాయకత్వంలోని బృందం అదే ఏడాది దీనిని ప్రచురించింది. గట్టి మంచుకు అంత వాహకత్వం లేదు, ఇనుప గర్భం చాలా లోతున ఉండటం వల్ల దాని ప్రభావం పైదాకా అంత బలంగా రాదు. పైపొరకు దగ్గరలో విస్తరించి ఉన్న ఉప్పునీటి పొర ఒక్కటే ఈ కొలతకు సరిపోతుంది. నా అభిప్రాయంలో గెలీలియో చేసిన పనులన్నింటిలోనూ ఇది గొప్పది.

అంత చలిలో నీళ్లు గడ్డకట్టకుండా ఎలా ఉంటాయన్నది మీ ప్రశ్నలో రెండో సగం. బృహస్పతి చంద్రుల్లో అయో 1.77 రోజులకు, యూరోపా 3.55 రోజులకు, గానిమీడ్ 7.15 రోజులకు ఒక చుట్టు తిరుగుతాయి. ఒక్కొక్కటి దాదాపు ముందుదానికి రెట్టింపు. ఈ లెక్క కుదరడం వల్ల అవి ఒకదాన్నొకటి లాగుతూ, కక్ష్యలు పూర్తి వృత్తాలు కాకుండా చూస్తాయి. బృహస్పతికి దగ్గరవుతూ దూరమవుతూ యూరోపా నలుగుతుంది, బైండింగు తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్లు అది లోపల వేడెక్కుతుంది.

శని చంద్రుడు ఎన్సెలాడస్ విషయంలో సాక్ష్యం ఇంకా బలమైనది. దాని వ్యాసం సుమారు 504 కిలోమీటర్లు, అంటే హనుమకొండ నుంచి హైదరాబాదు దాకా ఉన్న దూరానికి మూడున్నర రెట్లు. దాని దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయని కస్సీని నౌక 2005లో కనిపెట్టింది, తర్వాత ఆ జల్లు గుండానే పలుసార్లు వెళ్లింది. ఆ రేణువుల్లో ఉప్పు, ఆవిరిలో హైడ్రోజన్ దొరికాయి, 2023లో ఫాస్ఫేట్లు కూడా ఉన్నాయని తేలింది. పైగా ఆ చంద్రుడు తిరిగేటప్పుడు ఊగే ఊపు, మంచు పెంకు లోపలి రాతికి అతుక్కుని ఉంటే ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. ఎండిన కొబ్బరికాయను ఊపితే పెంకు నుంచి విడివడిన కుడుక లోపల కదులుతుంది చూడండి, ఇక్కడ పెంకునూ రాతినీ విడదీసింది సముద్రం. ఇక్కడ నేరుగా నీటి నమూనాయే చేతికి చిక్కింది కాబట్టి, యూరోపా కన్నా ఎన్సెలాడస్ గురించి నేను ఎక్కువ నమ్మకంగా చెప్పగలను.

యూరోపాలో మిగిలిన పని మా రెండో బోరు పనిలాంటిది. గెలీలియో కొలతలతో సముద్రం ఉన్నదని తెలిసింది గానీ అది ఎంత లోతు, ఎంత ఉప్పు అన్న రెండు సంగతులూ వేరుపడలేదు. తక్కువ లోతులో ఎక్కువ ఉప్పున్నా, ఎక్కువ లోతులో తక్కువ ఉప్పున్నా కొలత దాదాపు ఒకేలా వస్తుంది. 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030 ఏప్రిల్‌లో బృహస్పతిని చేరి, యూరోపా పక్కగా 49 సార్లు వెళ్తుంది. సుమారు 11 గంటలకు మారే క్షేత్రంతో పాటు, యూరోపా కక్ష్యను అనుసరించి సుమారు 85 గంటలకు మారే క్షేత్రాన్ని కూడా అది కొలుస్తుంది. నెమ్మదిగా మారే క్షేత్రం మరింత లోతుకు దిగుతుంది కాబట్టి, కడ్డీలను దూరం జరిపి పొరలను వేరుచేసినట్లు లోతునూ ఉప్పునూ వేరుచేయవచ్చు. మంచు పెంకు మందం చూడటానికి దానిలో రాడార్ కూడా ఉంది. అప్పటిదాకా యూరోపా సముద్రం ఇన్ని కిలోమీటర్ల లోతు అని ఎక్కడ చదివినా, దానిని అంచనాగానే తీసుకోండి.