నర్సింగ్ చదివాక టీకాల పనిలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఊరు. శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకి వేసే హెచ్‌పీవీ టీకా గురించి కమ్యూనిటీ పోస్టింగ్‌లో విన్నప్పటి నుంచి అలాంటి పనే చేయాలనుంది. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసి చదివించింది, గల్ఫ్ వెళ్తే అప్పు తీరిపోతుంది అంటోంది. టీకాల పనిలో నిజంగా ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయి తల్లీ. కాకపోతే హెచ్‌పీవీ ఉద్యోగం అని పేరు పెట్టి ఎవరూ నోటిఫికేషన్ వేయరు, ఎక్కడ వెతకాలో నీకే తెలియాలి. అందుకే ముందు ఈ టీకా ఏ దేశంలో నిలబడింది, ఎక్కడ దెబ్బతింది అన్నది చెప్తాను, ఉద్యోగాల సంగతి అందులోంచే వస్తుంది.

ఆస్ట్రేలియా 2007లోనే బడుల్లో వేయడం మొదలుపెట్టింది. 2011లో మొదలుపెట్టిన రువాండా మనకంటే పేద దేశం, అయినా 90 శాతానికి పైగా ఆడపిల్లలకి అందించింది. జపాన్‌కి డబ్బుకీ డాక్టర్లకీ కొదవ లేదు, కానీ సైడ్ ఎఫెక్టుల వార్తలు గుప్పుమనేసరికి 2013లో ప్రభుత్వం సిఫార్సు చేయడం ఆపేసింది, టీకా వేయించుకునే ఆడపిల్లలు 70 శాతం దగ్గర నుంచి ఒక్క శాతం లోపుకి పడిపోయారు, మళ్లీ సిఫార్సు చేయడానికి 2022 వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద ఒక్క డోసైనా అందిన ఆడపిల్లలు 2019లో 17 శాతం, 2024కి 31 శాతం. ఒక్క డోసైనా సరిపోతుందని 2022లో డబ్ల్యూహెచ్ఓ చెప్పాక ఖర్చు బాగా తగ్గింది. 2023లో బంగ్లాదేశ్, నైజీరియా, 2025లో పాకిస్తాన్ మొదలుపెట్టాయి. 2030కల్లా 90 శాతం అనేది లక్ష్యం. ఎంత పని మిగిలుందో నువ్వే లెక్కేసుకో.

మన దగ్గర జరిగింది కూడా తెలుసుకోవాలి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు కింద వేల మంది ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. హాస్టల్ పిల్లలకి చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ అనుమతులు తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. అమ్మానాన్నలకి చెప్పకుండా చేస్తే మంచి టీకా కూడా ఏళ్ల తరబడి మూలపడుతుంది. ఈ టీకా వేస్తే పెళ్లయ్యాక పిల్లలు పుట్టరేమో అని అడిగే తల్లి దగ్గర కూర్చుని, మన యాసలో, విసుక్కోకుండా జవాబు చెప్పగలిగే మనిషి ఈ రంగంలో అందరికంటే ముందు కావాలి. నీ దగ్గర అది ఉందనే నమ్మకంతోనే ఇంత చెప్తున్నాను.

దారి ఎలాగంటే, బీఎస్సీ అయ్యాక విలేజ్ క్లినిక్కుల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులు చూడు. కాంట్రాక్టు ఉద్యోగమే, జీతం గొప్పగా ఉండదు, కానీ టీకా పని చేత్తో చేసి నేర్చుకుంటావు. హెచ్‌పీవీ టీకా గడ్డకడితే పాడైపోతుంది, అందుకే ఐస్ ప్యాక్‌ని ఫ్రీజర్లోంచి తీసి నేరుగా టీకాల బాక్సులో పెట్టకూడదు, పైన చెమ్మ పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా బయట ఉంచాలి. ఇలాంటివి తెలిసిన మనిషి ఇంటర్వ్యూలో ఇట్టే తెలిసిపోతుంది. రెండేళ్ల తర్వాత ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ చెయ్యి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఐఐపీహెచ్‌లో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది. ఈలోగా ఎక్సెల్, స్టాటిస్టిక్స్ బాగా నేర్చుకో. ఆ తర్వాత జాతీయ ఆరోగ్య మిషన్‌లో, టీకాల మీద పనిచేసే ఎన్జీవోల్లో, క్లినికల్ ట్రయల్స్‌లో అవకాశాలుంటాయి. డబ్ల్యూహెచ్ఓ వాళ్ల సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్ పోస్టులు మాత్రం ఎంబీబీఎస్ వాళ్లకే, వాటి మీద ఆశ పెట్టుకోకు.

అమ్మ మాట కొట్టిపారేయకు. గల్ఫ్ రిక్రూట్‌మెంట్లలో ఎక్కువగా హాస్పిటల్ అనుభవమే అడుగుతారు, విలేజ్ క్లినిక్కులో చేసింది లెక్కలోకి రాకపోవచ్చు. అప్పు బయట వడ్డీకి తెచ్చిందైతే ముందు హాస్పిటల్, గల్ఫ్ చూసుకుని అది తీర్చెయ్యి, ఎంపీహెచ్ ముప్పై ఏళ్లకి కూడా చేయొచ్చు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ అయితే మాత్రం మొదటి దారే పట్టమంటాను.

ఈలోపు మీ ఊళ్లో ఏఎన్ఎం అమ్మని అడిగి బుధవారం, శనివారం టీకాల రోజున ఒక పక్కన కూర్చో. తల్లులు అడిగిన ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే ఒక నోట్‌బుక్కులో రాసుకుని నాకు పంపు, వాటికి జవాబులు ఎలా చెప్పాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.