గుర్రాలతోనే బతుకుతానంటున్న అమ్మాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం నగర శివార్లలోని ఒక రైడింగ్ స్కూల్లో గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. ఇప్పుడు నీట్ రాయనని, గుర్రాలకు శిక్షణ ఇచ్చే పనిలోకే వెళతానని పట్టుబట్టింది. మూడు నెలల్లో ‘అంతర్జాతీయ రైడింగ్ కోచ్’ సర్టిఫికెట్ ఇస్తామని ఒక సంస్థ చెబుతోంది. ఫీజు రెండు లక్షలు. సొంత గుర్రం ఉంటే మంచిదని కూడా అంటున్నారు. నేను చిన్న ప్రైవేటు ఉద్యోగిని. ఈ పనిలో జీవనం గడుస్తుందా? ఆడపిల్లకు తగిన పనేనా? – ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ మూడు నెలల కోర్సుకు రెండు లక్షలు కట్టకండి. గుర్రం కొనకండి. నీట్ మాత్రం రాయించండి. ఇన్ని చెప్పాక కూడా మీ అమ్మాయి కోరిక తీసిపారేయదగినది కాదనే అంటాను. ఈ రంగంలో పని ఉంది. అయితే ఆ పని ఆదివారం కనిపించేది కాదు.

‘గుర్రాలకు శిక్షణ ఇస్తాను’ అనే ఒక్క మాటలో మూడు ఉద్యోగాలు కలిసిపోయి ఉన్నాయి. పిల్ల గుర్రాన్ని జీనుకు, కళ్ళేనికి అలవాటు చేసి స్వారీకి తయారు చేయడం ఒకటి. మనుషులకు స్వారీ నేర్పడం మరొకటి. మేత, గిట్టలు, పళ్ళు, వ్యాయామం, జబ్బులు చూసుకుంటూ గుర్రాన్ని ఆరోగ్యంగా ఉంచడం మూడోది. రేసుకోర్సులో ట్రైనర్ అంటే లైసెన్సు తీసుకుని ఒక శాలలోని గుర్రాలన్నింటి బాధ్యత మోసేవాడు. రైడింగ్ స్కూల్లో పిల్లలు ట్రైనర్ అని పిలిచేది స్వారీ నేర్పే కోచ్‌ను. మీ అమ్మాయి మనసు వీటిలో దేనిమీద ఉందో ఆమెకే ఇంకా స్పష్టంగా తెలిసి ఉండదు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆదివారం ఆమె వెళ్లేసరికి గుర్రం ఒళ్ళు తోమించుకుని, జీను కట్టించుకుని సిద్ధంగా ఉంటుంది. దిగగానే గుర్రాన్ని చూసుకునే పనివాడు, అంటే సైసు, వచ్చి పగ్గాలు అందుకుంటాడు. మిగిలిన ఇరవై మూడు గంటల్లో ఏం జరుగుతుందో చూసే అవకాశం ఆమెకు రాలేదు.

అందుకే నేనిచ్చే మొదటి సలహా కోర్సు గురించి కాదు. పరీక్షలు అయిపోయాక ఈ వేసవిలో రెండు నెలలు ఆమెను గుర్రాల శాలలో పనికి పంపండి. తెల్లవారుజామున అయిదింటికల్లా అక్కడ ఉండాలి. పేడ ఎత్తాలి, కింద పరిచిన గడ్డి మార్చాలి, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి, రాళ్ళు తీయాలి, నీళ్ళ తొట్టెలు కడగాలి, తోలు సామాను తుడవాలి. స్వారీ చేయనిస్తే చేస్తుంది, లేకపోతే లేదు. జీతం అడగకుండా పని చేసి, బదులుగా పాఠాలు నేర్చుకునే ఈ పద్ధతి యూరప్‌లో ఎప్పటి నుంచో ఉంది. మన స్కూళ్లలోనూ యజమానితో మాట్లాడితే సాధారణంగా కాదనరు. రెండు నెలల తర్వాత కూడా ఆమె అయిదింటికే లేస్తుంటే మిగిలిన సలహాలు చదివించండి.

శాలలో నేర్చుకునేది చాకిరీ మాత్రమేనని అనుకోకండి. ఈ వృత్తికి పునాది అక్కడే పడుతుంది. మనకు గుర్రం అనగానే ఉలవలు గుర్తొస్తాయి గానీ, అది బతికేది గడ్డి మీద. ఒంటి బరువులో రోజుకు కనీసం ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండుమేత కావాలి. అంటే 450 కిలోల గుర్రానికి ఏడు నుంచి తొమ్మిది కిలోలు. దాని ఒంటితో పోలిస్తే జీర్ణాశయం చాలా చిన్నది. రోజంతా కొద్దికొద్దిగా మేయడానికే అది అమరింది. ఒకేసారి బోలెడు దాణా పెట్టి, గంటలకొద్దీ ఖాళీగా కట్టేస్తే కడుపు చెడుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపు శూల మొదలైతే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మంచి శాలల్లో పనివాళ్ళు పొద్దున్నే పేడ చూస్తారు, మేత మిగిలిందా అని చూస్తారు, పక్కటెముకల వైపు తిరిగి తిరిగి చూసుకుంటోందా అని గమనిస్తారు. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. ఈ అంకె మీ అమ్మాయికి తెలుసేమో అడగండి. కోచ్ కావాలనుకునేవారికి కూడా ఇది తెలిసి తీరాలి.

ఇక శిక్షణ సంగతి. ఈ పని మీద జనంలో ఉన్న అభిప్రాయాలు ఎక్కువగా సినిమాల నుంచి వచ్చినవే: ఎగిరెగిరి పడే గుర్రం, దాన్ని లొంగదీసుకునే వీరుడు. వాస్తవంలో మంచి శిక్షకుడి పని చూడటానికి విసుగ్గా ఉంటుంది. మడమతో పొట్ట పక్కన మెల్లగా నొక్కుతాడు. గుర్రం అడుగు వేస్తుంది. వేసిన ఆ క్షణంలోనే నొక్కడం ఆపుతాడు. గుర్రం నేర్చుకునేది నొక్కినందుకు కాదు, ఆపినందుకు. ఆపడం రెండు సెకన్లు ఆలస్యమైతే అది వేరే పాఠం నేర్చుకుంటుంది. ఎప్పటికీ ఆపకపోతే ఏమీ నేర్చుకోదు, మొద్దుబారిపోతుంది. మొదటి రోజుల్లో కళ్ళెం గట్టిగా లాగిపట్టే కొత్త రౌతుల చేతుల్లో నలిగిన గుర్రాలు తర్వాత ఎంత లాగినా ఆగకపోవడానికి కారణం ఇదే. వాటిని ‘మొండి గుర్రాలు’ అంటారు. నా దృష్టిలో అవి పాఠం సరిగ్గా అందని విద్యార్థులు. వేళ పసిగట్టే ఈ నేర్పు పుస్తకంలో దొరకదు, మూడు నెలల్లో అసలే రాదు.

గుర్రం సంక్షేమం ఈ వృత్తిలో దయాదాక్షిణ్యాల విషయంగా ఉండే రోజులు పోయాయి. టోక్యో ఒలింపిక్స్‌లో, స్వారీతో సహా అయిదు అంశాలుండే ఆధునిక పెంటథ్లాన్‌లో మొరాయించిన గుర్రాన్ని గుద్దినందుకు జర్మనీ కోచ్‌ను పోటీల నుంచి బయటికి పంపారు. అటుపై 2024 పారిస్ తర్వాత ఆ క్రీడలోంచి స్వారీనే తీసేశారు. బ్రిటన్‌కు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చిన షార్లెట్ దుజార్దిన్, ఒక శిష్యురాలికి పాఠం చెబుతూ గుర్రం కాళ్ళ మీద కొరడాతో పదేపదే కొట్టిన వీడియో బయటపడటంతో పారిస్ పోటీల నుంచి తప్పుకున్నారు. తర్వాత ఏడాదిపాటు నిషేధం కూడా పడింది. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2022లో గుర్రాల సంక్షేమం మీద ప్రత్యేక కమిషన్ వేసింది. అంటే రేపటి కోచ్‌ను ఎంచుకునేవారు ఎన్ని పతకాలు తెచ్చారని మాత్రమే చూడరు, గుర్రాన్ని ఎలా చూశారని కూడా అడుగుతారు. ఇప్పుడు ఈ రంగంలో అడుగుపెట్టే పిల్లలకు ఇది మంచి సమయమనే నా నమ్మకం. పాత అలవాట్లు మానుకోవడం కన్నా కొత్తవి నేర్చుకోవడం తేలిక.

ఆడపిల్లకు తగిన పనేనా అని అడిగారు. ఒలింపిక్స్‌లో స్త్రీ పురుషులు ఒకే పోటీలో సమానంగా తలపడేది గుర్రపుస్వారీలోనే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ (రౌతు సూచనలకు గుర్రం లయగా అడుగులు వేసే పోటీ) జట్టు విభాగంలో మన దేశానికి స్వర్ణం తెచ్చిన నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ ఉన్నారు. సైన్యంలో జంతువుల బాధ్యత చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో అధికారుల నియామకాలకు ఇటీవల మహిళల నుంచీ దరఖాస్తులు తీసుకుంటున్నారు. కాబట్టి పని తగినదే. కానీ మన శాలల్లో పనివాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. మహిళలకు ప్రత్యేకంగా మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా, తెల్లవారుజామున రాకపోకలకు ఏం ఏర్పాటు ఉందో మీరు స్వయంగా వెళ్లి చూసుకోవాలి.

నీట్ రాయించమని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. బైపీసీ చదువుతున్న అమ్మాయికి గుర్రాల రంగంలోకి అన్నిటికన్నా గట్టి దారి పశువైద్యం. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. అఖిల భారత కోటాలో 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతోనే ఇస్తారు. మన రాష్ట్రం సీట్ల కోసం పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఏటా ఇచ్చే ప్రకటన చూడండి. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో కాలేజీలున్నాయి. ఆవులు, గేదెలు, కోళ్ళ గురించి చదివినంతగా గుర్రాల గురించి అక్కడ చదవరు, అది నిజమే. ఆ లోటును విద్యార్థి తనే పూడ్చుకోవాలి. రాజేంద్రనగర్‌లో ఎన్‌సీసీ రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం ఉంది, కాడెట్లకు స్వారీ నేర్పుతారు. శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థుల కోసం, నగర పోలీసుల కోసం కూడా గుర్రాలను ఉంచుతున్నారు. మలక్‌పేటలో 1886 నుంచి రేసుకోర్సు ఉంది. ఇన్ని గుర్రాలు ఒకే నగరంలో ఉండటం చాలామంది పశువైద్య విద్యార్థులకు దొరకని వసతి.

పట్టా చేతికొచ్చాక సైన్యంలో అధికారిగా చేరవచ్చు, హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వంటి చోట్ల పరిశోధనకు వెళ్లవచ్చు, రేసు గుర్రాలకు వైద్యం చేయవచ్చు. ఇటుక బట్టీల దగ్గర, సంతల్లో బరువులు మోసే గుర్రాలు, గాడిదల కోసం పనిచేసే బ్రూక్ ఇండియా వంటి సంస్థలు కూడా ఉన్నాయి. అన్నట్టు, అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు మన్యంలో రోడ్డు సరిగ్గా లేని గిరిజన గ్రామాలకు ఇప్పటికీ బియ్యం, ఉప్పు గుర్రాల మీదే చేరుతుంటాయి. గుర్రం సంక్షేమం అంటే మనకు పోటీ గుర్రాలే గుర్తొస్తాయి, వైద్యుడి అవసరం ఎక్కువగా ఉన్నది మాత్రం ఇలాంటి చోట్లే.

పశువైద్యంలో సీటు రాలేదనుకోండి, లేదా ఆమెకు నిజంగా కోచ్ కావాలనే ఉందనుకోండి. అప్పుడు ఏదో ఒక డిగ్రీ చేస్తూనే శాలలో పని కొనసాగించాలి. పేరున్న అర్హతల్లో బ్రిటిష్ హార్స్ సొసైటీది ఒకటి. అందులో ఒకటి నుంచి అయిదు వరకు దశలుంటాయి, మొదటి దశలోనే స్వారీతో పాటు గుర్రం సంరక్షణను కూడా పరీక్షిస్తారు. అంతర్జాతీయ సమాఖ్య కోచ్ కోర్సులు జాతీయ సమాఖ్య ద్వారా జరుగుతాయి. జర్మన్ భాష నేర్చుకునే ఓపిక ఉంటే జర్మనీలో గుర్రాల పనికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న మూడేళ్ళ అప్రెంటిస్ చదువు ఉంది. పని చేస్తూ, భృతి తీసుకుంటూ, పెంపకం, సంరక్షణ, స్వారీ శిక్షణ వంటి శాఖల్లో ఒకటి ఎంచుకుని చదవవచ్చు. 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన ఫవాద్ మీర్జా, హాంగ్‌ఝౌలో వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చిన అనూష్ అగర్వల్లా రాటుదేలింది ఆ దేశంలోనే. వాళ్ళ వెనుక ఉన్న ఆర్థిక బలం మీకు లేదు, కాబట్టి పోటీల దారి చూపించి మిమ్మల్ని ఊరించను. కోచ్‌గా బతకడానికి పతకం అక్కర్లేదు. పది మంది పిల్లల్ని, పది గుర్రాల్ని ఏ ప్రమాదమూ లేకుండా ఏళ్ళ తరబడి చూసుకున్న పేరు కావాలి.

రేసింగ్ వైపు మాత్రం నేను తొందరపడమనను. గుర్రపు పందేల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం అయింది. పందెం డబ్బుతో నడిచే క్లబ్బుల మీద ఆ భారం పడకుండా ఉండదు. అక్కడి శాలల్లో గుర్రాల గురించి నేర్చుకోగలిగింది చాలా ఉంది. జీవితమంతా దానిమీదే ఆధారపడటం వేరే సంగతి.

ఎవరూ పట్టించుకోని దారి ఒకటుంది: లాడాలు కొట్టే పని. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ప్రతి గుర్రం గిట్టలూ సరిచేసి లాడాలు మార్చాలి. శాలల్లో మంచి నాల్‌బంద్ (లాడాలు కొట్టేవారు) మాటకు పశువైద్యుడి మాటతో సమానమైన విలువ ఉంటుంది. నడుము విరిగే పని, నిజమే. ఇంగ్లీషు మాట్లాడగల, గిట్ట నిర్మాణం చదువుకున్న నాల్‌బంద్ అయితే ఏ నగరంలోనైనా పని వెతుక్కోనక్కర్లేదు.

జీతాల గురించి దాచడానికేమీ లేదు. మొదటి నాలుగైదేళ్ళు మీ అమ్మాయి సంపాదన, అదే వయసులో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలి దానికన్నా బాగా తక్కువే ఉంటుంది. పశువైద్యం దారిలో ఈ తేడా తగ్గుతుంది, కోచ్ దారిలో చాలాకాలం ఉంటుంది. ఇంటి అప్పు తీర్చే భారం ఆమె మీదే పడబోతుంటే ఈ మాట ఇప్పుడే ఆమెతో కూర్చుని చెప్పండి. సొంత గుర్రం అన్నది ఇలాంటి ఇంట్లో అసలు తలపెట్టకూడని ఖర్చు. కొన్న ధర కన్నా పోషణే ఎక్కువ. గుర్రం పాతికేళ్ళు దాటి కూడా బతుకుతుంది, స్వారీకి పనికొచ్చే వయసు అయిపోయాక కూడా తింటుంది. నాలుగు రకాల గుర్రాల మీద ఎక్కి నేర్చుకున్నవాళ్ళే మంచి కోచ్‌లు అవుతారు కాబట్టి, స్కూలు గుర్రాలే ఆమెకు మేలు.

ఆ మూడు నెలల సంస్థను పూర్తిగా కొట్టిపారేయడం ఇష్టం లేకపోతే వెళ్లి అడగండి. సర్టిఫికెట్ మీద ముద్ర ఎవరిది, ఆ ఇచ్చే సంస్థ జాబితాలో వీళ్ళ పేరు ఉందా, రోజుకు ఎన్ని గంటలు శాలలో పని చేయిస్తారు, ఒక గుర్రం మీద రోజుకు ఎంతమందిని ఎక్కిస్తారు? చివరి ప్రశ్నకు తడబడితే లేచి వచ్చేయండి. కాసేపు శాలలో తిరిగి గుర్రాల వీపులు చూడండి. జీను కింద పుండ్లు, తెల్లబడిన మచ్చలు కనిపిస్తే అక్కడ నేర్పే విద్య ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేసవి పనికి పంపే ముందు రెండు ఏర్పాట్లు చేయండి. తలకు సరిగ్గా అమరే మంచి హెల్మెట్ కొనివ్వండి, ప్రమాద బీమా తీసుకోండి, అందులో గుర్రపుస్వారీని మినహాయించలేదని చూసుకోండి. రెండోది, గుర్రాల పేడ కలిసిన మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. టీకా వేయించి ఎంతకాలమైందో చూసి, అవసరమైతే మొదటి రోజుకు ముందే మరో డోసు వేయించండి.