పరంజా మీంచి పడ్డ మనిషికి ముందు కాయితాలు

తమ్మీ,

పుణె సైటులో మీ అన్న పరంజా మీంచి పడ్డాడని తెలిసింది. ‘అంతా నేను చూసుకుంటా’ అంటున్నాడట మేస్త్రి. వైద్యం చూసుకోనీ, కాయితాలు మాత్రం నువ్వే చూసుకో.

మొదట దవాఖాన రికార్డు. పోలీసు కేసు కాకూడదని ‘ఇంట్లో మెట్ల మీంచి జారిపడ్డాడు’ అని రాయించే మేస్త్రులున్నారు. ఆ ఒక్క ముక్కతో పరిహారం కేసు మొత్తం కూలిపోతుంది. ‘ఫలానా సైటులో పని చేస్తుండగా మూడో అంతస్తు నుంచి పడ్డాడు’ అని కేసు షీటులో ఉందో లేదో చదివించుకో. ఎమ్మెల్సీ నంబరు (ప్రమాదం కేసులకు దవాఖాన వేసే మెడికో-లీగల్ నంబరు) రాసుకో. ఎక్స్‌రేలు, బిల్లులు, డిశ్చార్జి కాయితం అసలువి నీ దగ్గరే ఉండాలి. వైద్యం ఖర్చు కూడా యజమానే ఇవ్వాలి, కానీ బిల్లు చూపితేనే.

తర్వాత, అక్కడ పనిచేశాడనే రుజువు. ఫోన్‌పేలో పడ్డ కూలి, హాజరు బుక్కు పేజీ ఫొటో, గేటు పాసు, పక్కన పనిచేసిన ఇద్దరి నంబర్లు. సైటు బోర్డు ఫొటో తప్పక తియ్యి, బిల్డరు పేరు, రెరా నంబరు (ఆ కట్టడం సర్కారు రిజిస్ట్రేషన్ నంబరు) కనబడేటట్టు. మేస్త్రి చేతులెత్తేసినా, పని చేయించుకున్న బిల్డరు నుంచి పరిహారం అడగొచ్చు.

ఇక పరిహారం లెక్క. రోజుకు 900 వచ్చినా, నెలకు 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. దాన్ని గుణించే అంకె వయసును బట్టి చట్టంలోనే ఉంటుంది, నలభై ఏళ్ల మనిషికి 184.17. ఇక ఏ పనీ చెయ్యలేని స్థితి అయితే జీతంలో 60 శాతం, అంటే 9,000ను దాంతో గుణిస్తే 16,57,530 రూపాయలు. మనిషే పోతే 50 శాతం మీద 13,81,275. చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, అంటే 16,57,530లో 30 శాతం, 4,97,259. కొంతకాలం మంచాన పడి కోలుకునేటట్టయితే పదిహేను రోజులకోసారి నెల జీతంలో పావు వంతు. జీతంలో ఈఎస్‌ఐ (కార్మికుల సర్కారు బీమా) కోత ఉంటే ఈ దారి కాదు, ఈఎస్‌ఐలోనే అడగాలి.

‘బెల్టు పెట్టుకోలేదు, తప్పు వానిదే’ అంటారు. పట్టించుకోకు. మరణానికీ, పూర్తి వైకల్యానికీ ఆ సాకు చెల్లదు. మామూలు ఏమరపాటు ఏ దెబ్బకైనా సాకు కాదు.

పాలమూరోళ్లు చాలామందికి తెలియనిది ఇది: కేసు కోసం పుణె తిరగనక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు ఉండే చోట కూడా వేయొచ్చు. మహబూబ్‌నగర్ కార్మిక శాఖ ఆఫీసులో అడుగు. ప్రమాదం 2025 నవంబరు 21న గానీ ఆ తర్వాత గానీ జరిగితే దరఖాస్తులో 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కాదు, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ పేరు రాయించు. ముందుగా మేస్త్రికీ బిల్డరుకీ వేర్వేరుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి రసీదులు దాచిపెట్టు. గడువు రెండేళ్లు. నెలలోపు డబ్బు కట్టకపోతే 12 శాతం వడ్డీ, పైన పరిహారంలో సగం దాకా జరిమానా పడొచ్చు.

వకీలు వాటా అడిగితే ఒప్పుకోకు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చెయ్యి. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డుంటే దాని సాయం వేరేగా వస్తుంది, దీనికి అడ్డం కాదు.

లక్ష చేతిలో పెట్టి తెల్లకాయితం మీద వేలిముద్ర అడుగుతారు. వేయించకు. రాజీ పడాలంటే పరిహారం కేసు చూసే అధికారి దగ్గర నమోదు చేయించమను. ఎముక అతికి, డాక్టరు వైకల్య శాతం తేల్చాకే ఆ మాట ఎత్తు.