ఊపిరిలో మీథేన్ ఎక్కువ ఉందన్నారు... ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 38. రెండేళ్లుగా మలబద్ధకం, కడుపు ఉబ్బరం. మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వాడినా గుణం లేదు. శ్వాస పరీక్షలో మీథేన్ 26 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 26 భాగాలు) వచ్చింది. బ్యాక్టీరియా కాదు, ‘ఆర్కియా’ అనే సూక్ష్మజీవులు పెరిగాయన్నారు. అవి వేడినీటి బుగ్గల్లో బతికే ప్రాచీన జీవులని చదివి భయమేస్తోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: భయపడకండమ్మా. వేడినీటి బుగ్గల్లో ఉండేవి వాటి దూరపు చుట్టాలు. మన పేగుల్లో ఎక్కువగా కనిపించేది మెథనోబ్రెవిబ్యాక్టర్ స్మిథియై. ఆరోగ్యంగా ఉన్న చాలామందిలోనూ ఇది ఉంటుంది. పేరులో బ్యాక్టర్ అని ఉన్నా ఇది బ్యాక్టీరియా కాదు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు జన్యు పదార్థాన్ని పోల్చి చూసి, ఈ జీవులది వేరే వంశమని తేల్చారు.

గోబర్ గ్యాస్ పొయ్యి మీద నీలం మంట చూసే ఉంటారు. పేడ తొట్టిలో ఆ గ్యాస్ పుట్టించేవీ ఆర్కియాలే. మీ కడుపులో జరిగేదీ దాదాపు అదే. అరగని పిండిపదార్థాన్ని బ్యాక్టీరియా పులియబెడితే హైడ్రోజన్ వస్తుంది. ఆర్కియా దాన్ని మీథేన్‌గా మారుస్తాయి. అందులో కొంత రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. తియ్యటి ద్రావణం తాగించి, కాసేపటికోసారి సంచిలోకి ఊదించేది దాన్ని కొలవడానికే. 10 పీపీఎం, అంతకు మించితే ఎక్కువగా లెక్కిస్తాం. మీథేన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది కాబట్టి మలబద్ధకానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక అమాక్సిసిలిన్. అది దెబ్బకొట్టేది బ్యాక్టీరియా గోడలోని ఒక పదార్థాన్ని. ఆర్కియా గోడలో అదే లేదు. పనిచేయని మందు మింగి మేలు చేసే బ్యాక్టీరియాను పోగొట్టుకున్నారే అని నాకు బాధగా ఉంది. మళ్లీ అలా చేయకండి. రిఫాక్సిమిన్, నియోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్స్ కలిపి కొద్దిరోజులు ఇచ్చే పద్ధతి ఉంది. కానీ నియోమైసిన్ వల్ల చెవులకు, కిడ్నీలకు హాని జరగొచ్చు. గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు పర్యవేక్షణ తప్పనిసరి. గర్భం ఉంటే ముందే చెప్పండి.

అయితే అంతా ఆర్కియా మీదే వేయొద్దు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించారా? ఐరన్, క్యాల్షియం మాత్రలు వాడుతున్నారా? వీటితోనూ మలబద్ధకం వస్తుంది. ఉబ్బరానికి భయపడి పప్పు, కూరలు మానేసి పెరుగన్నంతో సరిపెట్టుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఆ పని చేయకండి.

మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వారమే డాక్టర్‌ను కలవండి. కొలనోస్కోపీ అవసరమేమో వారు చూస్తారు.