లైవ్ రాక్ కొంటే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నాను. అందులో లైవ్ రాక్ ఉండాలంటున్నారు. ఫిషింగ్ హార్బర్‌లో తెలిసిన మత్స్యకారుడు వలలో పడ్డ రాళ్లు ఇస్తానన్నారు, రెండు ముక్కలు ఇచ్చారు కూడా. ఒక దుకాణంలో ‘ఇంపోర్టెడ్’ అని కిలో లెక్కన అమ్ముతున్నారు, బిల్లు మాత్రం ఇవ్వరట. ఇవేవీ వద్దనుకుని రుషికొండ ఒడ్డున ఏరుకుంటే తప్పా?

జవాబు: కొనకముందే అడిగినందుకు సంతోషం. దీని మీద కేసు పడితే చిన్నగా తేలేది కాదు.

ముందు ఆ రాయి ఏమిటో చూద్దాం. లైవ్ రాక్ అని అమ్మేది చాలావరకు చచ్చిన పగడపు అస్థిపంజరమే. దాని గుల్లల్లో బ్యాక్టీరియా, నాచు, స్పాంజీలు, పురుగులు బతుకుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దిబ్బలు కట్టే పగడాలన్నీ షెడ్యూల్-1లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. పగడం చచ్చిపోయింది కదా అన్న వాదన నిలబడదు, ఎందుకంటే పగడం కూడా ఒక జంతువే, జంతువు శరీర భాగానికి కూడా చట్టం వర్తిస్తుంది. 2022 సవరణ తర్వాత షెడ్యూల్-1 నేరానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, దానితోపాటు 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి సెక్షన్ 54 కింద డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సెక్షన్ 57. మామూలు క్రిమినల్ కేసులో నేరాన్ని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఇక్కడ వస్తువు మీ దగ్గర ఉందని తేలితే చాలు, అది అక్రమమనే కోర్టు భావిస్తుంది. సక్రమంగానే వచ్చిందని చూపించాల్సింది మీరే. బిల్లే ఇవ్వని దుకాణం రేపు మీ తరఫున సాక్ష్యం చెబుతుందా?

‘ఇంపోర్టెడ్’ అన్న మాట మిమ్మల్ని కాపాడదు. ఈ పగడాలు అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. ఎగుమతి చేసిన దేశం ఇచ్చిన సైటిస్ పర్మిట్, మన దేశంలో దిగుమతికి అనుమతి, కస్టమ్స్ పత్రం, మీ పేరున బిల్లు, ఇవన్నీ చూపించగలరా అని దుకాణదారుణ్ని అడగండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కొనకండి.

రుషికొండ సంగతి వేరు. అక్కడి బండలు ఖోండలైట్ అనే గట్టి రాయి, పగడంలా సున్నపురాయి కాదు. అక్వేరియంలో పగడపు రాయి చేసే పనిని అవి చేయలేవు. పైగా ఆటుపోట్ల మధ్య నేల సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) కిందకు వస్తుంది, అక్కడ రాళ్లు తవ్వి తీయడం నిషిద్ధం. ఆ రాళ్లనే అంటిపెట్టుకుని ఎన్నో జీవులు బతుకుతున్నాయి, వాటి జోలికి పోకండి.

మరి అక్వేరియం ఎలా? సిరామిక్‌తోనో సిమెంటుతోనో తయారుచేసిన పొడి రాళ్లు దొరుకుతాయి, వాటిని బిల్లుతో కొనండి. సిమెంటు రాయిని మాత్రం చాలా రోజులు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే నీటి క్షారగుణం పెరిగిపోతుంది. ఆ తర్వాత సీసాలో వచ్చే బ్యాక్టీరియా వేసి, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా, అంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, చేపలు వేయకుండా ఆగాలి. ఆ ఓపిక ఉంటే మామూలు రాయే మెల్లగా ‘లైవ్’ అవుతుంది, పగడపు దిబ్బ నుంచి ముక్క విరగ్గొట్టాల్సిన పని ఉండదు. నా దృష్టిలో ఇది చట్టానికి భయపడి ఎంచుకునే రెండో దారి కాదు, అసలు మొదట చూడాల్సిన దారి.

ఇక మీ దగ్గరున్న ఆ రెండు ముక్కలు. వాటిని పగలగొట్టకండి, చెత్తలో వేయకండి. అలా చేస్తే సాక్ష్యం మాయం చేశారన్న మాట పడుతుంది. అక్వేరియంలో ఉంచినవాటిని సముద్రంలో వదిలితే రోగాలు పాకే ప్రమాదం కూడా ఉంది. ఎవరికీ అమ్మకండి, ఇవ్వకండి. ఫొటోలు తీసి, ఎప్పుడు ఎలా వచ్చాయో ఉన్నదున్నట్టు రాసి, స్థానిక న్యాయవాదిని వెంటబెట్టుకుని విశాఖ అటవీ అధికారి కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకోండి. అప్పగిస్తే కేసు ఉండదని చట్టం హామీ ఇవ్వదు, న్యాయవాది తోడు ఉండాలంటున్నది అందుకే. అయినా, సోదాలో దొరకడం కంటే మీ అంతట మీరు వెళ్లడం ఎంతో మేలు.

ఆ మత్స్యకారుడితో కూడా మాట్లాడండి. వలలో పగడం పడితే అక్కడికక్కడే సముద్రంలో వదిలేయమనండి. మీ మీద అభిమానంతో తెచ్చిచ్చినా, పట్టుబడితే ఆయనకు పడేదీ అదే సెక్షను, అదే మూడేళ్లు.