మినీ ట్రాక్టరు సర్వీసు మనమే చేసుకుంటే మిగిలేదెంత?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాలుగెకరాలు సొంత భూమి. రెండున్నర వరి, మిగతాది మామిడి తోట. పోయినేడాది లోను మీద 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు, రోటవేటరు తీసుకున్నాను. మీటరు ఇప్పుడు 510 గంటలు చూపిస్తోంది. ఏడాదికి 420 గంటల దాకా తిరుగుతోంది, అందులో 310 బయటి కిరాయే. గంటకు రూ. 900 తీసుకుంటాను. నేనే నడుపుతాను కాబట్టి డీజిల్ పోను 600 మిగులుతుంది. టౌన్‌లో ఒక్కో సర్వీసుకు దాదాపు 4,000 అవుతోంది, అందులో మెకానిక్ కూలి 1,500. ఏడాదికి 14,000 కడితే రెండు సర్వీసులు ఆయిలుతో సహా మేమే చేసిపెడతామని ఒక ప్యాకేజీ చెబుతున్నారు. నాకేమో వీడియోలు చూసి నేనే చేసుకుందామని ఉంది. ఏది లాభం? మిగిలిన డబ్బు లోనుకు కట్టేయమంటారా?

జవాబు: ముందు ప్యాకేజీ సంగతి తేల్చేద్దాం. ఏడాదికి 420 గంటలంటే మీకు పడేవి రెండు సర్వీసులు. మీరు చెప్పిన రేటుకే అవి 8,000. దానికి 14,000 ఎందుకు కట్టాలి? టైర్లు, క్లచ్, బ్యాటరీ అందులో కలిసి ఉంటే ఆలోచించవచ్చు. ఉన్నాయని మీరు రాయలేదు, సాధారణంగా ఉండవు కూడా. వద్దనుకోండి.

ఇక మీరే చేసుకుంటే? ఆయిలు, ఫిల్టర్లు ఎవరు మార్చినా కొనాల్సిందే. మిగిలేది కూలి ఒక్కటే, రెండుసార్లకు కలిపి 3,000. గ్రీజు గన్ను, మంచి స్పానర్ సెట్టు, ఫిల్టరు విప్పే పట్టీ, ఆయిలు పట్టే వెడల్పు తొట్టి కొనేసరికి మొదటి ఏడాది ఆ 3,000 అయిపోయి పైన ఇంకాస్త పడుతుంది. లెక్క ఇంతే అయితే ఈ జవాబు ఇక్కడితో ఆపేసేవాణ్ని.

కానీ మీ డబ్బు జూలైలో ఉంది. తోటపల్లి కాలువకు నీళ్లొచ్చి, చెరువులు నిండి, ఊరంతా ఒకేసారి దమ్ము (నాట్లకు మడిని బురదగా దున్నడం) పట్టే ఆ మూడు నాలుగు వారాల్లో మీ బండి మూడు రోజులు ఆగిందనుకోండి. రోజుకు 8 గంటలు, గంటకు 600. మొత్తం రూ. 14,400. మీకు చెప్పిన ప్యాకేజీ ధర కంటే అది ఎక్కువ. అక్కడితో అయిపోదు. ఉభాల (నాట్ల) వేళ మీ ఖాతాదారు మడిలో ఇంకొకడి బండి దిగిందంటే, వచ్చే ఏడాది కూడా అతనికే ఫోను వెళ్తుంది.

ఆ రోజుల్లో బండిని ఆపేవి పెద్ద జబ్బులు అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు చిన్నవే. డీజిల్లో నీళ్లు, పొట్టు పట్టి మూసుకుపోయిన రేడియేటరు జాలీ, మట్టి కొట్టిన ఎయిర్ ఫిల్టరు, వదులైన ఫ్యాన్ బెల్టు, గ్రీజు చూడని ముందు యాక్సిల్. ఇవన్నీ పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, చదును నేల మీద పదిహేను నిమిషాల్లో కనబడతాయి. మీరు నేర్చుకోవాల్సింది ముందు ఈ పదిహేను నిమిషాలే. ఆయిలు మార్చడం తర్వాత.

డీజిల్ ఫిల్టరు కింద ఉండే చిన్న గిన్నె చూడండి. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి రాత్రంతా బండి కదలకుండా ఉంటే అడుక్కి చేరుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయకముందే అడుగు స్క్రూ కాస్త వదులు చేసి, స్టీలు గ్లాసులో పట్టండి. ముందు నీళ్లు వస్తాయి, ఆ వెనక డీజిల్ వస్తుంది. గ్లాసు అడుగున నీటి పొర కనిపించిందంటే మీ డ్రమ్ములోనో, నింపే గరాటులోనో తేడా ఉంది. సాయంత్రం పని దిగగానే ట్యాంకు నిండా పోసి పెట్టండి. ఖాళీ ట్యాంకులో చల్లగాలికి తేమ గోడలకు పట్టి నీరవుతుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

మొక్కజొన్న కోతల తర్వాత చేలో తిరిగితే రేడియేటరు జాలీకి పీచు, దుమ్ము దుప్పటిలా పట్టేస్తుంది. దాన్ని ఇంజన్ వైపు నుంచి బయటికి ఊదాలి, బ్రష్షుతో లోపలికి తోయకూడదు. ఎయిర్ ఫిల్టరు కాగితం రకమైతే నీళ్లతో కడగకండి. లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి పట్టండి. టైర్ల షాపు గొట్టం పూర్తి జోరుతో పెడితే కంటికి కనిపించని చిరుగు పడుతుంది. ఆ చిరుగులోంచి దూరిన దుమ్ము పిస్టన్లను అరగదీస్తుంది. నాలుగైదు వందల ఫిల్టరు కోసం వెనకాడి ఇంజన్ బోరుకు (అరిగిన సిలిండరు చెక్కించే పనికి) పెట్టినవాళ్లు మన వైపూ ఉన్నారు.

దమ్ము రోజుల్లో గ్రీజు రోజూ కొట్టాల్సిందే. మిగతా రోజుల్లో మాన్యువల్ చెప్పిన గంటలకు చాలు. ముందు యాక్సిల్ మధ్య పిన్ను, స్టీరింగ్ జాయింట్లు, వెనక లింకులు. నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న బొడిపె) మీది బురద గుడ్డతో తుడిచాకే గన్ను పెట్టండి. లేదంటే గ్రీజుతో పాటు ఇసుకనూ మీరే లోపలికి పంపినట్టు. అంచుల్లోంచి పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, వెనకే కొత్తది కనబడేదాకా కొట్టాలి. వారానికోసారి గేరు బాక్సు డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. ఆయిలు మజ్జిగ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు చేరినట్టే. ఇక ఆ రోజు దమ్ముకు దించకండి.

ఇంజన్ ఆయిలు మాటకొస్తే, ముందు వారంటీ కాగితం తీయండి. గడువు ఏళ్లలోనూ గంటల్లోనూ ఉంటుంది, ఏది ముందు వస్తే అదే. మీ బండి ఇంకా దాని లోపలే ఉంటే ఆయిలు సర్వీసు డీలరు దగ్గరే చేయించండి. బిల్లు మీద గంటల మీటరు రీడింగ్ వేయించుకోండి. కూలి 1,500 కోసం ఇంజన్ వారంటీని పణంగా పెట్టడం లెక్క తెలిసినవాళ్లు చేసే పని కాదు. వారంటీ దాటాక మీరే చేయండి. చాలా మినీ ట్రాక్టర్లకు మొదటి మార్పు 50 గంటలకు, ఆ తర్వాత 250 గంటల ప్రాంతంలో ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే పాటించండి, ఏ గ్రేడు రాస్తే అదే పోయండి. ‘ఆరు నెలలకోసారి మారిస్తే చాల్లే’ అనే సలహా మీకు పనికిరాదు. మీకు ఆరు నెలల్లో 60 గంటలు తిరిగే కాలమూ ఉంది, 300 తిరిగే కాలమూ ఉంది.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. మా నాన్న బండికి మొదటిసారి ఆయిలు మార్చింది నేనే. డ్రెయిన్ బోల్టు కారుతుందేమోనని భయపడి స్పానరుకు పైపు తొడిగి బిగించాను. టక్‌మన్న శబ్దం వచ్చింది. సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిలో, మరలు తెగిపోయాయి. కొత్త రాగి వాషరు వేసుంటే మామూలు బిగింపే సరిపోయేది. దాని ధర చిల్లర డబ్బులు. సంప్ విప్పి మరలు వేయించడానికి అయింది నా అప్పటి జీతంలో సగం. నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అందుకే చెబుతున్నా, వాషరు ప్రతిసారీ కొత్తది వేయండి. ఫిల్టరు రబ్బరుకు ఆయిలు రాసి చేత్తోనే బిగించండి, స్పానరు వద్దు. తీసిన ఆయిలు గుంటలోకో కాలువలోకో పారబోయకండి, పాత ఆయిలు కొనేవాళ్లు టౌన్‌లో ఉంటారు.

ఇంజెక్టర్లు, పంపు, క్లచ్, హైడ్రాలిక్స్ మాత్రం ముట్టుకోకండి. వాటికి మెకానిక్కే. బేరం ఆడకుండా డబ్బులిచ్చేయండి.

ఇప్పుడు అసలు నా పని, డబ్బు. మీ గంటల మీటరును పాసుబుక్కులా వాడుకోండి. తిరిగిన ప్రతి గంటకు రూ. 70 పక్కన పెట్టాలని నా అంచనా. ఆయిలు, ఫిల్టర్లకు మీ లెక్కలో 250 గంటలకు 2,500, అంటే గంటకు 10. రోటవేటరు బ్లేళ్లు, టైర్లు, వెయ్యి గంటల ప్రాంతంలో మార్చాల్సిన గేరు బాక్సు ఆయిలు, బ్యాటరీ, ఎప్పుడో ఒకనాడు క్లచ్, వీటన్నిటికీ మిగతా 60. ఏడాదికి రూ. 29,400 అవుతుంది. సొంత పొలంలో తిరిగిన 110 గంటలకు కూడా మీ జేబులోంచి తీసి వేయాలి. మామిడి తోటలో దున్నినప్పుడు బండి అరగదని ఎవరూ చెప్పలేదు కదా!

ఈ సొమ్ము ఇంటి ఖర్చుల ఖాతాలో కలిస్తే సంక్రాంతికి కరిగిపోతుంది. వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ మంచిదే గానీ దాని గడువు 5 ఏళ్లు. జూలైలో క్లచ్ పోతే ఆ డబ్బు అంత సులువుగా చేతికి రాదు.

అది చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి పోకండి, అది ఏడాదికి 24 శాతం. మీకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే, పంట ఖర్చు లెక్కకు అదనంగా వ్యవసాయ ఆస్తుల మరమ్మతులు, నిర్వహణ కోసం 20 శాతం కలిపే లిమిటు కడతారు. ఇది చాలామంది అడగరు, బ్యాంకువాళ్లూ తమంతట తాము చెప్పరు. మీ లిమిటులో అది కలిపారో లేదో ఈసారి రెన్యువల్‌కు వెళ్లినప్పుడు కాగితం చూపించమని అడగండి. రూ. 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 4 పడుతుంది.

జీఎస్టీ మాట కూడా ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద 12 శాతం నుంచి 5కి, ట్రాక్టరు టైర్లు, చాలా విడిభాగాల మీద 18 నుంచి 5కి తగ్గింది. ఇంజన్ ఆయిలు ఆ జాబితాలో లేదు. టైర్లు కొనేటప్పుడు బిల్లు అడిగి, పన్ను ఎంత వేశారో చూసుకోండి.

మీ పొలంలో పండిన పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కానీ ఎదుటివారి పొలం దున్ని తెచ్చే కిరాయి వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. మీ స్థాయిలో పన్ను పడకపోవచ్చు, అయినా లెక్క రాసి ఉంచండి. రేపు ఇంకో లోనుకు వెళ్తే అదే మీ ఆధారం.

రోటవేటరు కింద దూరే ముందు ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, కింద కర్ర దిమ్మలు పెట్టండి. హైడ్రాలిక్ లిఫ్టును నమ్మకండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి రూ. 20, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రూ. 2 లక్షలు. దాని ఏడాది జూన్ 1న మొదలవుతుంది, అంటే మీ దమ్ముల సీజనుకు ముందే. మే చివర్లో ఖాతాలో ఆ ఇరవై ఉండేలా చూసుకోండి.

లోనుకు ముందే కట్టడం గురించి: మరమ్మతుల ఖాతాలో 30,000 చేరేదాకా వద్దు. చేరాక, వరి అమ్మిన డబ్బులోంచి వాయిదా పోను మిగిలింది కట్టండి. ముందే కడితే చార్జీ వేస్తారేమో మీ అగ్రిమెంటులో చూసుకుని వెళ్లండి.

చిన్న నోటుబుక్కు ఒకటి కొని మొదటి పేజీలో ఈ రోజు తేదీ, పక్కన 510 అని రాయండి. మీటరు 610కి వచ్చిన సాయంత్రం ఆ కొత్త ఖాతాలో రూ. 7,000 పడి ఉండాలి.