ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటకు తెచ్చే పైపుల సెట్) మళ్ళీ అదే వెల్డ్ దగ్గర పగిలిందా? సపోర్ట్ చూడండి

తప్పు వెల్డింగ్‌ది కాకపోవచ్చండి, టర్బో (ఆ పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) బరువంతా మ్యానిఫోల్డ్‌కి దాన్ని బోల్టులతో బిగించే ఫ్లాంజ్ మెడ మీదే వేలాడుతోంది, ఎర్రగా కాలినప్పుడు స్టీల్‌కి బలం ఎక్కడుంటుంది, అందుకే రెండోసారి వేయించినా అదే చోట పగిలింది.

1. టర్బో నుంచి ఇంజిన్ బ్లాక్‌కి సపోర్ట్ ఇవ్వండి. ఛాసిస్‌కి మాత్రం వద్దు, ఇంజిన్ ఊగినప్పుడల్లా మ్యానిఫోల్డ్‌నే పీకుతుంది.

2. అందరూ మర్చిపోయేది ఇదే: సపోర్ట్ కదలకుండా బిగిస్తారు. 300 మి.మీ. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మి.మీ. సాగుతుంది, దానికి దారి లేకపోతే ఆ సపోర్టే మ్యానిఫోల్డ్‌ని పగలగొడుతుంది. రెండు చివరలా రాడ్ ఎండ్‌లు (అటూ ఇటూ తిరిగే బంతి కీళ్ళు) పెట్టండి (లోపల టెఫ్లాన్ ఉన్నవి వద్దు, మాడిపోతాయి).

3. సపోర్ట్ బోల్టులు చివర్లో బిగించండి. లాగి కలపాల్సి వస్తే కొలత తప్పినట్టే.

4. డౌన్‌పైప్‌లో (టర్బో తర్వాత కిందికి వెళ్ళే పొగ పైపు) ఫ్లెక్స్ ముక్క, అంటే వంగే పైపు ముక్క, లేకపోతే అదీ వేయించండి.